రెండు చోట్ల మధ్య సరిగ్గా సగం ఎక్కడ? సగటు తీస్తే తేడా వస్తోంది

సగందారి:
రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తెలుసు, వాటికి సరిగ్గా మధ్యలో ఉన్న బిందువు కావాలి. ఉదాహరణకి లండన్ 51.5074, −0.1278. న్యూయార్క్ 40.7128, −74.0060. పడమర కాబట్టి రేఖాంశాలు మైనస్‌లో రాశాను. అక్షాంశాలు కూడి సగం, రేఖాంశాలు కూడి సగం చేస్తే 46.11, −37.07 వస్తోంది. ఒక ఆన్‌లైన్ కాలిక్యులేటర్ మాత్రం 52.37, −41.29 చూపిస్తోంది. రెండూ అట్లాంటిక్ నీళ్లలోనే ఉన్నాయి గానీ వాటి మధ్య ఎడమే సుమారు 760 కి.మీ. పైగా 52.37 అంటే లండన్ కన్నా ఉత్తరాన. మధ్యబిందువు రెండు ఊళ్లకీ పైన ఎలా ఉంటుంది? తప్పు ఎవరిది?

గోళగణితం:
కాలిక్యులేటర్‌ది కాదండీ. అక్షాంశ రేఖాంశాలను గ్రాఫు కాగితం మీది గడుల్లా చూడటం వల్ల వచ్చిన తేడా ఇది. గ్రాఫు కాగితం మీద గడులన్నీ ఒకే కొలత. భూమ్మీద అలా కాదు. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 111 కి.మీ., 60° అక్షాంశం దగ్గరికి వచ్చేసరికి అందులో సగం, ధ్రువం దగ్గర సున్నా.

మీ సగటు బిందువు నుంచి లండన్ 2740 కి.మీ., న్యూయార్క్ 3015 కి.మీ. దూరంలో ఉన్నాయి. 275 కి.మీ. తేడా ఉన్నప్పుడు దాన్ని సగం అనలేం.

మధ్యబిందువు పైకి ఎందుకు పోయిందంటారా? గోళం మీద రెండు చోట్ల మధ్య దగ్గరి దారి గ్రేట్ సర్కిల్ వెంట ఉంటుంది, అంటే భూకేంద్రం గుండా గోళాన్ని రెండు సమభాగాలుగా కోసే వృత్తం. ఉత్తరార్ధంలో తూర్పు పడమరలుగా ఉన్న ఊళ్ల మధ్య ఆ వృత్తం ధ్రువం వైపు ఉబ్బుతుంది. అందుకే సగం రెండు ఊళ్లకీ పైన పడింది. గ్లోబు మీద రెండు ఊళ్లకీ దారం బిగించి లాగితే కంటికే కనిపిస్తుంది.

లెక్క చేసే పద్ధతి ఇది. ప్రతి చోటునీ భూకేంద్రం నుంచి బయల్దేరే బాణంగా మార్చాలి:
ఎక్స్ = కాస్(అక్షాంశం) × కాస్(రేఖాంశం)
వై = కాస్(అక్షాంశం) × సైన్(రేఖాంశం)
జడ్ = సైన్(అక్షాంశం)
రెండు చోట్ల ఎక్స్‌లు కూడండి, వైలు కూడండి, జడ్‌లు కూడండి. రెండుతో భాగించినా భాగించకపోయినా ఒకటే, మనకు కావాల్సింది దిక్కే. తర్వాత వెనక్కి మార్చాలి (ఏట్యాన్2 అంటే రెండు అంకెలను బట్టి కోణం చెప్పే ఫంక్షన్):
రేఖాంశం = ఏట్యాన్2(వై, ఎక్స్)
అక్షాంశం = ఏట్యాన్2(జడ్, వర్గమూలం(ఎక్స్² + వై²))

చేత్తో చేసి చూడగలిగే ఉదాహరణ: ఒకటి 60° ఉత్తరం, 0°. రెండోది 60° ఉత్తరం, 90° తూర్పు. మొదటి బాణం (0.5, 0, 0.866), రెండోది (0, 0.5, 0.866). మొత్తం (0.5, 0.5, 1.732). రేఖాంశం 45°. అడ్డం పొడవు, అంటే వర్గమూలం(ఎక్స్² + వై²), 0.7071; 1.732ని దానితో భాగిస్తే 2.449, ఆ టాంజెంట్ ఉన్న కోణం 67.79°. సగటు తీసి ఉంటే 60° దగ్గరే ఆగేవాళ్లం. తేడా దాదాపు 866 కి.మీ.

సగందారి:
బాణాల పద్ధతి అర్థమైంది. స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి లండన్, న్యూయార్క్ ఇస్తే 37.63, 131.29 వచ్చింది. మ్యాపులో చూస్తే జపాన్ సముద్రం! సూత్రం అక్షరం పొల్లు పోకుండా దించాను. డిగ్రీలను రేడియన్లలోకి (స్ప్రెడ్‌షీట్ కోణాలు కొలిచే ప్రమాణం) మార్చడం కూడా మర్చిపోలేదు.

గడులపెట్టె:
అక్షరం పొల్లు పోకుండా దించడమే కొంప ముంచింది :) 90లోంచి 37.63 తీసేయండి, 52.37. 90లోంచి 131.29 తీసేయండి, −41.29. మీ జవాబు అద్దంలో తిరగబడి కూర్చుంది, అంతే.

పైథాన్, జావాస్క్రిప్ట్, సీ లాంటి వాటిలో ఏట్యాన్2కి ముందు వై, తర్వాత ఎక్స్ ఇస్తాం. ఎక్సెల్‌లో, గూగుల్ షీట్స్‌లో, లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లో ముందు ఎక్స్, తర్వాత వై. గోళగణితం గారు రాసింది ప్రోగ్రామర్ల వరుస. మీ రెండు ఏట్యాన్2లలోనూ లోపలి అంకెలు అటూఇటూ చేయండి.

షీట్ ఇలా పేర్చుకుంటే తప్పులు సులువుగా దొరుకుతాయి. మొదటి వరుస శీర్షికలకు వదిలేసి ఏ2, ఏ3లో అక్షాంశాలు, బీ2, బీ3లో రేఖాంశాలు. సీ, డీ, ఈ నిలువు వరుసల్లో ఎక్స్, వై, జడ్. నాలుగో వరుసలో ఆ మూడింటి మొత్తాలు. అయిదో వరుసలో జవాబు, దాన్ని డిగ్రీస్ ఫంక్షన్‌లో చుట్టండి. ఒకే గడిలో ఒకే పెద్ద సూత్రంగా కుక్కితే ఎక్కడ తేడా కొట్టిందో కనుక్కోవడానికి గంట పడుతుంది.

ఇక ఏట్యాన్2 బదులు ఉత్త ఏట్యాన్ వాడొద్దు. వైని ఎక్స్‌తో భాగించగానే గుర్తుల సంగతి పోతుంది. ప్లస్‌ని ప్లస్‌తో భాగించినా మైనస్‌ని మైనస్‌తో భాగించినా ప్లస్సే కదా. మధ్యబిందువు 90° తూర్పు దాటితే జవాబు సరిగ్గా 180° అవతల పడుతుంది.

సగందారి:
వరుస మార్చాను. 52.37, −41.29. దూరాలు కూడా చూశాను, లండన్‌కి 2785, న్యూయార్క్‌కి 2785, మొత్తం 5570 కి.మీ. సరిపోయింది.

కానీ 60° ఉదాహరణలో ఒక సందేహం. సగటు బిందువు 60°, 45° కూడా రెండు చోట్లకీ సమదూరంలోనే ఉంది కదా? లెక్కేస్తే రెండు వైపులా 2453 వస్తోంది. మరి అది సగం ఎందుకు కాదు?

గోళగణితం:
మంచి చోట పట్టుకున్నారు. చాలామంది ఇక్కడే ఆగిపోయి “రెండు వైపులా సమానం, కాబట్టి సరే” అనేస్తారు.

సమదూరంలో ఉన్న బిందువులు ఒకటి కాదు, లెక్కలేనన్ని. కాగితం మీద లంబ సమద్విఖండన రేఖ ఉన్నట్టే గోళం మీద దానికి సాటిగా ఒక పూర్తి గ్రేట్ సర్కిల్ ఉంది. మన ఉదాహరణలో అది 45° తూర్పు రేఖాంశం, దాని ఎదుటి 135° పడమర రేఖాంశం కలిసిన వృత్తం. దాని మీద ఉత్తర ధ్రువంతో సహా ఎక్కడ నిలబడ్డా రెండు చోట్లూ సమదూరమే. మధ్యబిందువు వాటిలో ఒక్కటే, దగ్గరి దారి మీద ఉన్నది. అసలు మధ్యబిందువు నుంచి చెరో వైపు 2302 కి.మీ., సగటు బిందువు నుంచి 2453. అంటే సగటు బిందువు మీదుగా వెళితే 300 కి.మీ. చుట్టు.

కాబట్టి పరీక్షలు రెండు. మధ్య నుంచి రెండు దూరాలూ సమానమా? వాటి మొత్తం, నేరుగా కొలిచిన దూరంతో సమానమా? రెండోది తప్పితే మీరు దారి పక్కన ఎక్కడో ఉన్నట్టు.

దిక్సూచి:
ఆ సమదూర రేఖ మంచి పనికొచ్చే సంగతి. మధ్యబిందువు సముద్రంలోనో కొండ మీదో పడి, మనకు మాత్రం ఇద్దరికీ సమానంగా ఉండే చోటు కావాలనుకోండి. మధ్యబిందువు దగ్గర దారి ఏ దిశాకోణంలో (ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీలు తిరిగి) ఉందో చూసి, దానికి 90° కలిపి గానీ తీసేసి గానీ ఆ దిక్కున జరుగుతూ పోవాలి. సమానత్వం చెడదు, ఇద్దరి దూరమూ కొద్దికొద్దిగా పెరుగుతుంది. దిశాకోణాన్ని మధ్యబిందువు దగ్గరే కొలవాలి, బయల్దేరిన చోట కొలిచినది పనికిరాదు. గ్రేట్ సర్కిల్ వెంట వెళ్తుంటే దిశాకోణం దారి పొడవునా మారుతుంటుంది.

చిన్నలెక్క:
ఇదంతా ఖండాలు దాటేవాళ్లకండీ. పక్కపక్క ఊళ్లకి ఇంత త్రికోణమితి దేనికి? సగటు చాలు.

సర్వేరాయి:
చాలు, కానీ ఎంతవరకు చాలో అంకె ఉంది. ఒకే అక్షాంశం మీద తూర్పు పడమరలుగా ఉన్న రెండు చోట్లకు సగటులో వచ్చే తప్పు దాదాపు ఇంత: దూరం వర్గం × టాన్(అక్షాంశం) ÷ (8 × భూమి వ్యాసార్ధం). వ్యాసార్ధం 6371 కి.మీ. కాబట్టి కింద భాగం సుమారు 51,000.

45° అక్షాంశం దగ్గర 10 కి.మీ. దూరానికి తప్పు 2 మీటర్లు. 100 కి.మీ.కి 196 మీటర్లు. 1000 కి.మీ.కి దాదాపు 20 కి.మీ. దూరం పదింతలైతే తప్పు వందింతలు. 20° అక్షాంశం దగ్గరైతే 100 కి.మీ.కి 71 మీటర్లే. భూమధ్యరేఖ మీద టాన్ సున్నా కాబట్టి తప్పూ సున్నా. ఒకే రేఖాంశం మీద ఉత్తర దక్షిణాలుగా ఉన్నవాటికి కూడా గోళం లెక్కలో సగటు ఖచ్చితంగా సరిపోతుంది.

ఊళ్లు ఏటవాలుగా ఉంటే రేఖాంశం కూడా జరుగుతుంది. ఏ చోటు భూమధ్యరేఖకు దగ్గరో, దాని కాస్ విలువ ఎక్కువ, కాబట్టి బాణాల మొత్తంలో దాని రేఖాంశం వైపు మొగ్గు. లండన్, న్యూయార్క్ లెక్కలో −37 పోయి −41 వచ్చింది అందుకే, న్యూయార్క్ వైపు జరిగింది.

సర్వే షీట్లలో యూటీఎం అంకెలు (భూమిని నిలువు జోన్‌లుగా కోసి, ఒక్కో జోన్‌లో చోట్లను మీటర్లలో కొలిచే పద్ధతి) ఉంటే ఇంకా తేలిక. రెండు చోట్లూ ఒకే జోన్‌లో ఉంటే ఈస్టింగ్‌ల (తూర్పు వైపు కొలత) సగటు, నార్తింగ్‌ల (ఉత్తరం వైపు కొలత) సగటు తీసేయండి. 100 కి.మీ. దూరానికి కూడా తప్పు సుమారు పది మీటర్ల లోపే. జోన్ వెడల్పు 6 డిగ్రీలు. ఒకటి ఈ జోన్‌లో, ఒకటి పక్క జోన్‌లో ఉంటే మాత్రం ఆ సగటుకి అర్థం లేదు, రెండు జోన్‌ల ఈస్టింగ్‌లు వేర్వేరు మధ్యరేఖల నుంచి కొలిచినవి.

చిన్నలెక్క:
10 కి.మీ.కి 2 మీటర్లయితే నా మాట నిలబడినట్టే. 100కి మాత్రం వెనక్కి తీసుకుంటాను.

దిక్సూచి:
దగ్గరి దూరమైనా సగటు మోసం చేసే చోటు ఒకటుంది, 180° రేఖాంశం. ఫిజీలోని సువ −18.14, 178.44. సమోవాలోని ఆపియా −13.83, −171.77. రేఖాంశాల సగటు 3.3° తూర్పు. పసిఫిక్‌లో ఉండాల్సిన మధ్యబిందువు ఆఫ్రికా పడమటి తీరం అవతల అట్లాంటిక్‌లో తేలుతుంది. బాణాల పద్ధతికి ఈ గొడవ లేదు, −16.04, −176.61 అని సరిగ్గా చెబుతుంది.

బాణాల బదులు మొదటి రేఖాంశానికి తేడా కలుపుకుంటూ పోయే సూత్రం వాడేవాళ్లకు జవాబు 183.39 అని రావచ్చు. దానికి 540 కలిపి, 360తో భాగించి, మిగిలిన శేషంలోంచి 180 తీసేస్తే −176.61 వస్తుంది. 540 ఎందుకంటే, కొన్ని భాషల్లో మైనస్ అంకెకు శేషం కూడా మైనస్‌లో వస్తుంది. ముందే ప్లస్‌లోకి తెచ్చుకుంటే ఆ తంటా ఉండదు.

గోళగణితం:
బాణాల పద్ధతి కూడా చేతులెత్తేసేది ఒక్కచోటే. రెండు చోట్లూ భూమికి సరిగ్గా ఎదురెదురు వైపుల ఉంటే బాణాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మొత్తం సున్నా అవుతుంది. అది సూత్రం లోపం కాదు. అక్కడ దగ్గరి దారులే లెక్కలేనన్ని, కాబట్టి మధ్యబిందువులూ లెక్కలేనన్ని. కంప్యూటర్ మాత్రం సరిగ్గా సున్నా అనకుండా ఏదో అతి చిన్న అంకె మిగిల్చి, దాంతో నమ్మకంగా ఒక జవాబు ఇచ్చేస్తుంది. కూడిన బాణం పొడవు 0.000001 కన్నా తక్కువైతే “మధ్యబిందువు ఒక్కటి లేదు” అని చెప్పేలా ప్రోగ్రాములో ఒక షరతు పెట్టుకోండి.

సగందారి:
మ్యాపు మీద స్కేలు పెట్టి సగం గుర్తు పెడితే ఏమవుతుంది? తెర మీద అయినా సరే.

సర్వేరాయి:
మ్యాపు ఏ ప్రొజెక్షన్‌దో (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) దాన్ని బట్టి. బ్రౌజర్‌లో కనిపించే మ్యాపులు ఎక్కువగా మెర్కేటర్ రకం. దాని మీద గీసిన తిన్నని గీత ఒకే దిశాకోణంలో సాగే దారి, దగ్గరి దారి కాదు. లండన్, న్యూయార్క్‌లకు ఆ గీత సగం 46.4°, −37.07 దగ్గర పడుతుంది. అంటే మీ మొదటి సగటుకి పక్కనే, అసలు సగానికి ఎక్కడో దూరంగా. గూగుల్ మ్యాప్స్‌లో దూరం కొలిచే సాధనంతో రెండు ఊళ్లూ నొక్కితే గీత వంపు తిరిగి కనిపిస్తుంది, అదే దగ్గరి దారి. మీకొచ్చిన జవాబు ఆ వంపు మీద ఉందో లేదో అక్కడ చూసుకోండి.

గడులపెట్టె:
అంకెలు ఎక్కించేటప్పుడు జరిగే పొరపాట్లు కూడా చెప్పుకోవాలి, సూత్రాల తప్పులకన్నా ఇవే ఎక్కువ.

51 డిగ్రీల 30 నిమిషాలను 51.30 అని కొట్టేస్తారు. అది 51.5. నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి కలపాలి. 0.2 డిగ్రీ తేడా అంటే 22 కి.మీ., మధ్యబిందువులో అందులో సుమారు సగం కనిపిస్తుంది. అంత పెద్దది కాదు కాబట్టి ఎవరూ పట్టుకోరు, అదే దాని ప్రమాదం.

రెండోది వరుస. మ్యాపుల్లో కనిపించేది ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం. జియోజేసన్, కేఎంఎల్ అనే మ్యాపు సమాచార ఫైళ్లలో ముందు రేఖాంశం. ఒకచోటి నుంచి ఇంకోచోటికి దించేటప్పుడు తిరగబడితే, అక్షాంశం 90 దాటిందంటే వెంటనే తెలుస్తుంది. రెండూ 90 లోపుంటే ఎవరూ కేక వేయరు.

దశాంశ స్థానాలు నాలుగు ఉంచితే 11 మీటర్లు, అయిదుంచితే 1.1 మీటరు. మధ్యబిందువును పన్నెండు స్థానాలకు రాసి పెట్టేవాళ్లకు నమస్కారం.

సర్వేరాయి:
పాత కాగితపు మ్యాపు నుంచి ఒక చోటు, ఫోన్ జీపీఎస్ నుంచి ఇంకో చోటు తీసుకుంటే డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు కొలవడానికి ఆధారంగా తీసుకున్న భూమి నమూనా) కూడా చూడాలి. ఒకే రాయికి రెండు డేటమ్‌లలో అంకెలు వందల మీటర్ల తేడాతో ఉండొచ్చు. ముందు రెండింటినీ జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84లోకి తెచ్చుకుని అప్పుడు సగం తీయండి.

ధ్రువతార:
అందరూ గోళం అంటున్నారు. భూమి గోళం కాదు కదా?

సర్వేరాయి:
కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6378.137 కి.మీ., ధ్రువం దగ్గర 6356.752. ధ్రువాల దగ్గర నొక్కుకుపోయింది. దాని ప్రభావం చూడాలంటే భూమధ్యరేఖకీ ధ్రువానికీ సగం ఎక్కడో లెక్కేయండి. గోళం మీద 45°. అసలు ఆకారం మీద 45.14°, అంటే దాదాపు 16 కి.మీ. ఉత్తరాన. భూమధ్యరేఖ నుంచి 45° దాకా 4985 కి.మీ., అక్కడి నుంచి ధ్రువం దాకా 5017. 45వ అక్షాంశం మీద దారి పక్కన “భూమధ్యరేఖకూ ధ్రువానికీ సరిగ్గా సగం” అని బోర్డులు పెడుతుంటారు. ఆ బోర్డులన్నీ 16 కి.మీ. పైకి జరపాలి.

ఆ ఖచ్చితత్వం కావాలంటే సూత్రం చేత్తో రాయొద్దు. జియోగ్రాఫిక్‌లిబ్ అనే రెడీమేడ్ ప్రోగ్రాము లైబ్రరీ వాడండి. రెండే అడుగులు. దాని ఇన్వర్స్ ఫంక్షన్‌కి రెండు చోట్లూ ఇస్తే దూరం, మొదటి చోట దిశాకోణం ఇస్తుంది. ఆ దూరంలో సగం, అదే దిశాకోణం, మొదటి చోటు దాని డైరెక్ట్ ఫంక్షన్‌కి ఇస్తే మధ్యబిందువు వస్తుంది. 1975లో వచ్చిన విన్సెంటీ పద్ధతి కూడా ఈ పనే చేస్తుంది, మిల్లీమీటర్ల ఖచ్చితత్వంతో. కానీ రెండు చోట్లూ దాదాపు ఎదురెదురు వైపుల ఉంటే దాని ఇన్వర్స్ తిరిగిందే తిరుగుతూ జవాబు తేల్చదు. జియోగ్రాఫిక్‌లిబ్‌కి ఆ జబ్బు లేదు.

ఇంకో హెచ్చరిక. మధ్యబిందువు గోళం మీద తీసి, దూరాలు ఎలిప్సాయిడ్ (నొక్కుకుపోయిన గోళం) సాధనంతో సరిచూస్తే రెండు సగాలు కొంచెం తేడాగా వస్తాయి. అప్పుడు సూత్రాన్ని అనుమానించొద్దు. తీసిన నమూనాలోనే సరిచూడాలి.

రాదారి:
కారులో వెళ్లి మధ్యలో కలుసుకోవాలనుకునేవాళ్లకు ఇవేవీ అక్కరకు రావు. వాళ్లకు కావాల్సింది రోడ్డు మీద సగం. రూటింగ్ సేవ ఇచ్చే దారి వందల బిందువుల జాబితాగా వస్తుంది. ఒక్కో ముక్క పొడవు కొలిచి కూడుకుంటూ పోండి. మొత్తంలో సగం ఏ ముక్కలో దాటుతుందో ఆ ముక్కను పట్టుకుని, ఇంకా ఎంత కావాలో అంత నిష్పత్తిలో జరగండి. ముక్కలు చిన్నవి కాబట్టి ఇక్కడ మామూలు సగటు లెక్క హాయిగా పనిచేస్తుంది, చిన్నలెక్క గారికి శుభవార్త.

దూరంలో సగం, సమయంలో సగం ఒకటి కావని మాత్రం గుర్తుంచుకోండి. మొదటి 100 కి.మీ. గంటకు 100 వేగంతో, తర్వాతి 100 కి.మీ. గంటకు 50తో సాగే దారి అనుకోండి. మొత్తం 3 గంటలు. దూరంలో సగం 100వ కి.మీ. దగ్గర, అక్కడికి ఒకరికి 1 గంట, రెండోవారికి 2 గంటలు. సమయంలో సగం 125వ కి.మీ. దగ్గర. పైగా ఇద్దరూ ఎదురెదురుగా వస్తారు, వన్‌వేల వల్ల రెండోవారి దారి వేరేది కావచ్చు. కాబట్టి దారి రెండు చివర్ల నుంచీ విడివిడిగా తీసి చూడాలి.

సగందారి:
చివరిగా ఒకటి. సగం కాకుండా మూడో వంతు దూరంలో ఉన్న బిందువు కావాలంటే మొదటి బాణాన్ని రెండింతలు చేసి రెండోదానితో కూడితే సరిపోతుందా?

గోళగణితం:
సరిపోదండీ. సగానికి మాత్రమే ఆ వెసులుబాటు, రెండు వైపులా బరువు సమానం కాబట్టి. 60° ఉదాహరణలో రెండు చోట్ల మధ్య కోణం 41.41°, మూడో వంతు 13.80°. మీరన్న పద్ధతిలో 13.52° వస్తుంది, దాదాపు 31 కి.మీ. వెనకబడతారు. బరువులు ఇలా వేయండి: మొదటి బాణానికి సైన్(కోణంలో మిగిలిన భాగం), రెండోదానికి సైన్(కోణంలో నడిచిన భాగం). ఇక్కడ సైన్ 27.61°, సైన్ 13.80°. అంటే 0.463, 0.239. నిష్పత్తి 2కి కొంచెం తక్కువ. కూడాక వెనక్కి మార్చడం మామూలే. ఏట్యాన్2 వరుస మాత్రం ఈసారి చూసుకోండి.